చీకట్లో వెలిగే మఖ, పుబ్బ, ఉత్తర

నల్లని అట్ట మీద నక్షత్రాల చోట్లు గుర్తుపెట్టి, ఒక్కొక్క చోట చీకట్లో వెలిగే రంగు అద్ది, దీపం ఆర్పితే ఆకాశపు ముక్క ఒకటి గదిలోకి వస్తుంది. రంగు దొరక్కపోతే అట్టకు సూదితో బెజ్జాలు పొడిచి వెనక దీపం పెట్టవచ్చు. బెజ్జాల్లో చిన్న ఎల్‌ఈడీ బల్బులు గుచ్చవచ్చు. ఎలా చేసినా జరిగేది ఒకటే: వెలుతురులో కొలిచి గీసిన బొమ్మను చీకట్లో, గీతలు లేకుండా, వట్టి చుక్కలుగా చూడటం. ఆకాశంలో నక్షత్ర మండలాలు కనిపించేదీ అలాగే. పుస్తకంలో సింహం బొమ్మ, వృశ్చికం బొమ్మ చూసి డాబా ఎక్కినవాళ్లు తికమకపడేది అందుకే. పైన గీతలుండవు, పేర్లుండవు, సింహమూ ఉండదు.

గోదావరి డెల్టాలో ఈ చదువుకు కావలసిన పేర్లన్నీ జనం నోళ్లలో ముందే ఉన్నాయి. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ పేరుతో కార్తె నడుస్తుంది. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు, ఏడాదికి 27. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి. ఆ కార్తె పోయి మృగశిర వచ్చేసరికి సార్వా నారుమళ్ల హడావుడి మొదలవుతుంది. ఆరుద్రలో మొదటి వానలకు ఎర్రని ఆరుద్ర పురుగు మట్టిలోంచి బయటికి వస్తే పిల్లలు అగ్గిపెట్టెల్లో పట్టుకుంటారు. మఖలో పుట్టి పుబ్బలో మాడిపోయిన సంగతులు ఏ ఊళ్లోనైనా నాలుగుంటాయి. ఇవి కాక జన్మనక్షత్రాలు, పున్నమి చంద్రుడు దగ్గరగా ఉండే నక్షత్రాన్ని బట్టి వచ్చిన నెలల పేర్లు. ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్లలోని 108 శివాలయాలను 27 నక్షత్రాల 108 పాదాలకు ఒక్కొక్కటిగా చెప్పుకునే సంప్రదాయం కూడా ఉంది. నక్షత్రచక్రాన్ని పొలాల మధ్య ఊళ్ల మీద ఇలా పరిచి చూసుకున్న ప్రాంతాలు ఎక్కువ ఉండవు.

అయినా మఖ ఎక్కడుందో చూపించమంటే చూపించగలిగేవాళ్లు అరుదు. ఇందులో జనం తప్పేమీ లేదు. కార్తె లెక్కలోనే ఆ చిక్కు ఉంది. మఖ కార్తె ఆగస్టు మూడోవారంలో వస్తుంది. అంటే ఆ రోజుల్లో సూర్యుడు మఖ నక్షత్రం ఉన్న దిక్కునే ఉంటాడు. ఆ చుక్క సూర్యుడితోపాటే ఉదయించి, అతనితోపాటే అస్తమిస్తుంది. దాని పేరు రోజూ వినిపించే రెండు వారాల్లోనే అది కంటికి బొత్తిగా ఆనదు. రోహిణి, ఆరుద్ర, పుబ్బ, దాదాపు అన్నిటి సంగతీ ఇంతే. ఏ కార్తె చుక్కనైనా రాత్రంతా చూడాలంటే సుమారు ఆరు నెలలు ఆగాలి: జూన్ నెలాఖరు ఆరుద్రకు డిసెంబరు, ఆగస్టు మఖకు ఫిబ్రవరి. ధనుర్మాసంలో వేకువనే లేచి ముగ్గులేసే రోజుల్లో పడమట వాలుతూ కనిపించేవి మృగశిర, ఆరుద్ర, పునర్వసులే. ఆరు నెలల కిందట వానకోసం తలచుకున్న పేర్లే అవి. పేరుకూ రూపానికీ మధ్య పడిన ఈ ఆరు నెలల ఎడాన్ని పూడ్చడానికి ఇంట్లో గోడకు వేలాడే వెలిగే పటం బాగా పనికొస్తుంది.

వెలుగును దాచుకునే రాయి

ఇటలీలోని బొలోన్యా ఊళ్లో విన్సెంజో కాషియరోలో అనే చెప్పులు కుట్టే మనిషి ఉండేవాడు. రసవాదం మీద ఆసక్తి. 1602 ప్రాంతంలో దగ్గరి కొండ మీద దొరికిన బరువైన రాయిని బొగ్గుతో కలిపి కాల్చాడు. బంగారం రాలేదు కానీ, ఎండలో పెట్టి తెచ్చిన ఆ రాయి చీకట్లో కాసేపు వెలిగింది. అది బెరైట్ ఖనిజం. కాల్చితే బేరియం సల్ఫైడ్‌గా మారింది. ఆ తర్వాత చాలాకాలానికి రాగి కలిపిన జింక్ సల్ఫైడ్ వచ్చింది. పిల్లల గదుల్లో అంటించే పాత రకం ఆకుపచ్చ నక్షత్రాలు దానితో చేసినవే. అరగంటకో గంటకో వాటి వెలుగు నీరసపడుతుంది. 1993లో జపాన్‌కు చెందిన నెమోటో సంస్థ యూరోపియం, డిస్ప్రోసియం కలిపిన స్ట్రాన్షియం అల్యూమినేట్‌ను తయారుచేసింది. ఇప్పుడు మంచి రకం అంటే ఇదే. పది నిమిషాలు ఎండ చూపిస్తే రాత్రి చాలాసేపటి వరకు మసకగానైనా కనిపిస్తూనే ఉంటుంది.

పని జరిగే తీరు ఇది. నీలి వెలుగు, అతినీలలోహిత కిరణాలు పడినప్పుడు ఆ పొడిలోని ఎలక్ట్రాన్లు పై మెట్టుకు ఎగురుతాయి. వెంటనే కిందికి రాకుండా స్ఫటికంలోని లోపాల దగ్గర చిక్కుకుంటాయి. గది వేడికి ఒక్కొక్కటే విడిపడి కిందికి దిగుతూ ఆకుపచ్చ వెలుగును వదులుతాయి. విడిపించేది వేడి కాబట్టి, పటాన్ని ఫ్రిజ్‌లో పెడితే మసకబారుతుంది, వెచ్చని చోటికి తెస్తే మళ్లీ పుంజుకుంటుంది. ఎర్ర కాంతికి ఎలక్ట్రాన్లను పైకి ఎగరేసేంత శక్తి లేదు. అందుకే ఎర్ర టార్చి వెలుతురులో ఎంతసేపు ఉంచినా ఈ రంగు నిండదు. ఈ సంగతి తర్వాత అక్కరకు వస్తుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. రాజమండ్రిలోనో భీమవరంలోనో నంబరు ప్లేట్లు రాసే దుకాణానికి వెళ్లి చీకట్లో మెరిసేది కావాలంటే రేడియం స్టిక్కరు కోసి ఇస్తారు. దానిలో రేడియమూ లేదు, సొంత వెలుగూ లేదు. బండి దీపం పడినప్పుడు ఆ వెలుగును వచ్చిన దారినే తిప్పికొట్టే పొర అది. పటానికి పనికిరాదు. నిజమైన రేడియం కలిపిన రంగును 20వ శతాబ్దం మొదట్లో గడియారాల ముళ్లకు పూసేవారు. కుంచె మొనను పెదాలతో సన్నం చేసుకుంటూ ఆ పని చేసిన అమెరికా ఫ్యాక్టరీ అమ్మాయిలు దవడ ఎముకలు కుళ్లి, రక్తం క్షీణించి చనిపోయారు. స్ట్రాన్షియం అల్యూమినేట్‌లో రేడియోధార్మికత లేదు. పొడి ఎగిరి ముక్కులోకి పోకుండా చూసుకుంటే చాలు.

డెల్టాకు ప్రత్యేకంగా చెప్పవలసింది తేమ గురించి. ఈ పొడికి నీరు పడదు. పైపూత లేని రకాన్ని తెల్ల జిగురులోనో నీళ్ల రంగులోనో కలిపితే మెల్లగా విడిపోయి వెలుగు చస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు ముసుర్లలో పుస్తకాల అట్టలే బూజుపట్టే చోట ఇది చిన్న విషయం కాదు. రంగులేని వార్నిష్‌లో గానీ, పారదర్శకమైన గోళ్ల రంగులో గానీ కలపడం మేలు. ఒక వంతు పొడికి రెండు వంతులు వార్నిష్ సరిపోతుంది. పొడి అడుగున పేరుకుంటుంది కాబట్టి అద్దే ముందు ప్రతిసారీ కలియబెట్టాలి. నల్లని నేల మీద వెలుగు సగం ఇంకిపోతుంది. ముందు తెల్ల రంగుతో చుక్క పెట్టి, ఆరాక దాని మీద వెలిగే రంగు పెడితే తేడా బాగా తెలుస్తుంది.

ఒక డిగ్రీకి ఒక సెంటీమీటరు

అచ్చు పటాలతో వచ్చే పెద్ద ఇబ్బంది కొలత. పుస్తకంలో బెత్తెడున్న మండలం ఆకాశంలో ఎంత మేర పరుచుకుని ఉంటుందో ఊహకు అందదు. దీనికి సులువైన విరుగుడు ఉంది. కంటికి 57 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన ఒక సెంటీమీటరు, ఆకాశంలో ఒక డిగ్రీకి సమానం. పెద్దవాళ్లు చేయి చాచి పట్టుకుంటే అట్ట సుమారు అంత దూరంలోనే ఉంటుంది. కాబట్టి డిగ్రీకి సెంటీమీటరు చొప్పున గీసిన పటం, చేయి చాచి పట్టుకున్నప్పుడు, ఆకాశంలోని మండలమంతే ఉంటుంది. ఆ కొలతన పున్నమి చంద్రుడు అయిదు మిల్లీమీటర్లు! చంద్రుణ్ణి మూరెడు గీసే అలవాటున్న పిల్లలు ఇది నమ్మరు. అట్టకు అయిదు మిల్లీమీటర్ల బెజ్జం చేసి అందులోంచి చంద్రుణ్ణి చూపిస్తే నమ్ముతారు.

చుక్కల పరిమాణమూ లెక్క ప్రకారమే ఉండాలి. నక్షత్రాల కాంతిని తరగతులుగా చెబుతారు. అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గుతుంది. ఒక తరగతి తేడా అంటే కాంతిలో రెండున్నర రెట్లు. వెలిగే చుక్క కాంతి దాని వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కనుక అడ్డుకొలతలో తేడా 1.6 రెట్లు. మూడో తరగతికి 3 మిల్లీమీటర్ల చుక్క పెడితే, రెండో తరగతికి 5, ఒకటో తరగతికి 7 లేదా 8, సున్నా తరగతికి 12 వస్తాయి. అగరుబత్తి పుల్ల, అగ్గిపుల్ల, ఇయర్ బడ్, పెన్సిలు మడమ, సీసా మూత: ఈ వరసలో వీటిని ముంచి అద్దితే కుంచెతో పని లేదు.

మొదటి పటంగా మృగశిర, ఆరుద్రలున్న వేటగాడి మండలాన్ని, అంటే ఓరియన్‌ను, గీయమని చాలామంది చెబుతారు. అది సులువే. గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లు సింహంతో మొదలుపెట్టడానికి మాత్రం వేరే కారణం ఉంది. మూడు కార్తెల పేర్లు ఆ ఒక్క మండలంలోనే ఉన్నాయి. సింహం గుండె దగ్గరి కాంతివంతమైన చుక్క మఖ. పాశ్చాత్యులు రెగ్యులస్ అంటారు. నడుము దగ్గరి రెండు చుక్కలు పుబ్బ. తోక చివర ఉన్నది ఉత్తర. పైగా రాజమండ్రి 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది, మఖ ఖగోళ మధ్యరేఖకు 12 డిగ్రీలు ఉత్తరాన ఉంది. కాబట్టి అది ఇక్కడ నడినెత్తికి అయిదు డిగ్రీల దూరంలోంచే దాటిపోతుంది.

35 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న నల్ల చార్టు అట్ట తీసుకుని సెంటీమీటరు గళ్లు పెన్సిలుతో లేతగా గీయాలి. ముగ్గులో ముందు చుక్కలు పడి తర్వాత గీతలు వచ్చినట్టే ఇక్కడా వరస అదే. ఎడమ అంచు నుంచి ఎంత, కింది అంచు నుంచి ఎంత అన్న క్రమంలో అంకెలు ఇలా వస్తాయి. ఉత్తర నక్షత్రం 2, 4.5 దగ్గర. పుబ్బలోని కింది చుక్క 10.5, 5.5 దగ్గర, పై చుక్క దానికి సూటిగా పైన 10.5, 10.5 దగ్గర. ఇక సింహం మెడ, తల: మఖ 26.5, 2 దగ్గర. దానికి సూటిగా పైన 26.5, 7 దగ్గర ఒక చిన్న చుక్క, 23.5, 10 దగ్గర మెడ మీది పెద్ద చుక్క, 24, 13.5 దగ్గర ఒకటి. 29, 16 దగ్గర ఒకటి. 31, 14 దగ్గర ఆఖరుది. మఖకు 6 మిల్లీమీటర్ల చుక్క, ఉత్తరకూ మెడ మీది దానికీ 5, పుబ్బ పై చుక్కకు 4, మిగిలినవాటికి 3, 29, 16 దగ్గరున్నదానికి మాత్రం 2. మఖ నుంచి ఆఖరు చుక్క దాకా వరసగా కలిపితే కొడవలి ఆకారం వస్తుంది. పంచాంగకర్తలు మఖ నక్షత్రాన్ని పల్లకి ఆకారంలో అయిదు చుక్కలుగా చెప్పారు. కోతకాలం చూసినవాళ్లకు కొడవలే తేలిగ్గా దొరుకుతుంది.

తూర్పు ఎడమవైపు రావడం చూసి పటం తిరగబడిందనుకోనక్కరలేదు. నేల మీది పటాన్ని పైనుంచి కిందికి చూస్తాం, ఆకాశాన్ని కింది నుంచి పైకి చూస్తాం. దక్షిణానికి తిరిగి నిలబడి పటాన్ని తల మీద ఎత్తి పట్టుకుంటే తూర్పు తూర్పుకే పోతుంది.

చుక్కలు ఆరాక గీతలు, పేర్లు మామూలు తెల్ల పెన్సిలుతో రాయాలి. ఈ పటం గుట్టంతా ఇక్కడుంది. పగలు గీతలు, పేర్లు, కొడవలి, తోక అన్నీ కనిపిస్తాయి. దీపం తీయగానే తెల్ల పెన్సిలు మాయమై వెలిగే చుక్కలే మిగులుతాయి. ఏది మఖో ఏది ఉత్తరో పిల్లలు వేలు పెట్టి చెప్పాలి. దీపం వేస్తే జవాబు పటం మీదే ఉంటుంది. గీతలను కూడా వెలిగే రంగుతో వేసి అమ్మే పటాలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి కానీ, వాటితో నేర్చుకున్నవాళ్లు ఆకాశంలో గీతల కోసమే వెతుకుతారు.

పాలడబ్బా నక్షత్రశాల

రంగు ఖర్చు వద్దనుకుంటే పాలపొడి డబ్బా ఉంది. అడుగున మేకుతో బెజ్జాలు పొడిచి, లోపల ఫోను టార్చి వెలిగించి గోడకు తిప్పితే చుక్కలు గోడ మీద పడతాయి. దీనిలో ఒక మెలిక. డబ్బా బయటి నుంచి చూసి పొడిచిన బొమ్మ గోడ మీద కుడి ఎడమలు తారుమారై పడుతుంది. కాబట్టి పటం కాగితాన్ని బోర్లించి, వెనకవైపు నుంచి కనిపించే చుక్కల మీదుగా పొడవాలి. డబ్బా నోటికి కన్ను ఆనించి, అడుగును దీపం వైపు తిప్పి చూసినా ఇదే లెక్క.

ఆటబొమ్మలా ఉన్నా, పెద్ద నక్షత్రశాలల పుట్టుక ఇలాంటి బెజ్జాల్లోనే. 1913లో షికాగోలో వాలస్ ఆట్‌వుడ్ చేయించిన అయిదు గజాల అడ్డుకొలత లోహపు గోళానికి 692 బెజ్జాలు పొడిచారు. లోపల కూర్చున్నవాళ్లకు బయటి వెలుతురు నక్షత్రాలై కనిపించేది. పదేళ్ల తర్వాత జర్మనీలో జైస్ సంస్థ దీన్ని తిరగేసింది. దీపం మధ్యలో పెట్టి, సన్నని బెజ్జాలున్న పలకల గుండా వేలకొద్దీ చుక్కలను గుమ్మటం మీదికి వేసింది. 1985లో హైదరాబాదులో తెరిచిన బిర్లా ప్లానెటేరియం ఈ కోవకు చెందినదే. తెలుగు సీమలో ఖగోళ వేధశాలల కథ ఇంకా పాతది: విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఇంటి ఆవరణలో కట్టించుకున్న వేధశాల నుంచి ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని పరిశీలించారు. బడిపిల్లలకు డాబాల మీద, మైదానాల్లో ఆకాశాన్ని చూపించే పని ఈ కాలంలో జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు చేస్తూ వచ్చాయి. ఇంట్లో చదువుకునేవాళ్లకు కోనసీమ మహీధర కుటుంబానికి చెందిన నళినీమోహన్ రాసిన క్యాలెండర్ కథ ఉంది. తిథులు, నెలలు, సంవత్సరాల లెక్కను అంత హాయిగా చెప్పిన తెలుగు పుస్తకాలు తక్కువ.

వెలిగే రంగుతో సాధ్యం కానిది ఎరుపు. కన్ను చీకటికి అలవాటు పడ్డాక ఆకుపచ్చ, నీలం కలిసిన వెలుగును బాగా పట్టుకుంటుంది, ఎరుపును దాదాపు పట్టించుకోదు. ఎర్రగా వెలిగే పొడులూ నీరసమైనవే. ఆకాశంలో మాత్రం ఎర్ర చుక్కలున్నాయి: వృశ్చికంలోని జ్యేష్ఠ, వృషభంలోని రోహిణి, వేటగాడి భుజం మీది ఆరుద్ర. ఆరుద్ర పురుగూ ఎరుపే, ఆరుద్ర నక్షత్రమూ ఎరుపే కావడం కాకతాళీయం కానీ, పిల్లలకు గుర్తుండిపోవడానికి ఇంతకంటే మంచి పట్టు దొరకదు. ఈ మూడింటి చోట చిన్న ఎర్ర ఎల్‌ఈడీ గుచ్చి, వెనక గడియారం బ్యాటరీలు రెండు పెడితే సరిపోతుంది. వేటగాడి మండలం ఆరుద్ర నుంచి ఎదుటి మూలలోని రైగెల్ దాకా 18.5 సెంటీమీటర్లు, నడుం పట్టీలోని మూడు చుక్కలూ కలిపి మూడు సెంటీమీటర్ల లోపే. ఆ మూడూ లేడిని గుచ్చుకున్న బాణమని, దూరాన మెరిసే సిరియస్ దాన్ని వదిలిన మృగవ్యాధుడని మన పాత కథ. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికల గుంపు రెండు సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. అగరుబత్తి పుల్లతో ఆరు చుక్కలు దగ్గరదగ్గరగా పెడితే చాలు.

మండలంలోని చుక్కలన్నీ ఒకే దూరంలో ఉండవన్న సంగతి అట్ట మీద తెలియదు. దానికి దారాలు, పూసలు కావాలి. సింహం పటాన్ని గది కప్పు దగ్గర అడ్డంగా బిగించి, ఒక్కో చుక్క నుంచి రంగు పూసిన పూసను దూరానికి తగ్గట్టు వేలాడదీయాలి. ఉత్తర 36 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, మఖ 79. అయిదు కాంతి సంవత్సరాలకు ఒక సెంటీమీటరు చొప్పున వాటి దారాలు ఏడు, పదహారు సెంటీమీటర్లు. మఖకు నేరుగా పైన ఉన్న చిన్న చుక్క మాత్రం వెయ్యి కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. దాని దారం రెండు మీటర్లు దాటి నేలకు తగులుతుంది. సరిగ్గా కింద పడుకుని చూస్తేనే సింహం. పక్కనుంచి చూస్తే వట్టి పూసలు.

డాబా మీద, గట్టు మీద

పటాన్ని బయటికి తీసుకెళ్లేముందు పది నిమిషాలు ఎండలోనో తెల్ల దీపం కిందో ఉంచాలి. కన్ను పూర్తిగా చీకటికి అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోను తెర చూస్తే మళ్లీ మొదటికి వస్తుంది. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ చుట్టుకుంటే కన్నూ చెదరదు, పటమూ కొత్తగా వెలగదు. అప్పుడే నింపిన రంగు నక్షత్రాల కంటే చాలా ప్రకాశంగా ఉంటుంది కాబట్టి కాస్త చల్లారాకే పైకెత్తి చూడటం మంచిది.

చోటు ఎంచుకోవడం రానురాను కష్టమవుతోంది. రాజమండ్రి, కాకినాడ దీపాలు చిన్న చుక్కలను మింగేస్తాయి. భీమవరం, ఉండి వైపు చేపల, రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రంతా దీపాలే. ఊరికి దూరంగా కాలువ గట్లు, గోదావరి లంకలు, సముద్రపు ఒడ్డు మిగిలాయి. మారేడుమిల్లి అడవుల దాకా వెళ్లగలిగితే సరేసరి. డిసెంబరు నుంచి మే వరకు ఆకాశం తేటగా ఉంటుంది. ఏప్రిల్ మూడోవారంలో రాత్రి తొమ్మిది గంటలకు సింహం నడినెత్తిన ఉంటుంది.

వేళ విషయంలో ఈ ప్రాంతానికి ఒక వెసులుబాటు ఉంది. భారత ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు కొద్దిగా తూర్పుగా, తుని పక్క నుంచి పోతుంది. ముంబైలో గడియారానికీ సూర్యుడికీ సుమారు ముప్ఫై ఎనిమిది నిమిషాల తేడా ఉంటే, రాజమండ్రిలో రేఖాంశం వల్ల వచ్చే తేడా మూడు నిమిషాలే. స్థానిక కాలంతో వేసిన నక్షత్ర పటాన్ని ఇక్కడ గడియారం చూసి వాడుకోవచ్చు.

విదేశాల నుంచి వచ్చే నక్షత్ర స్టిక్కర్ల పెట్టెలతో మాత్రం సర్దుబాటు తప్పదు. వాటి పటాలు సాధారణంగా 40 డిగ్రీల అక్షాంశానికి వేసినవి. అక్కడ ధ్రువనక్షత్రం ఆకాశంలో దాదాపు సగం ఎత్తున ఉంటుంది, సప్తర్షులు అస్తమించకుండా దాని చుట్టూ తిరుగుతుంటారు. రాజమండ్రిలో ధ్రువుడు 17 డిగ్రీల ఎత్తునే, కొబ్బరిచెట్ల తలల మధ్య వెతుక్కోవలసిన చోట ఉంటాడు. సప్తర్షి మండలం శరదృతువు సాయంత్రాల్లో అసలు కనిపించదు. దానికి బదులుగా ఆ పెట్టెల్లో లేని దక్షిణపు చుక్కలు ఇక్కడ దక్కుతాయి. ఫిబ్రవరి రెండోవారంలో రాత్రి తొమ్మిదికి సూటిగా దక్షిణాన, 20 డిగ్రీల ఎత్తున అగస్త్యుడు ఉంటాడు. సిరియస్ తర్వాత ఆకాశంలో రెండో కాంతివంతమైన నక్షత్రం అదే. మే మధ్యలో అదే వేళకు అంతర్వేది ఒడ్డున నిలబడితే సముద్రం మీద పది, పదహారు డిగ్రీల ఎత్తుల మధ్య నాలుగు చుక్కల దక్షిణ శిలువ కనిపిస్తుంది. మనవాళ్లు త్రిశంకుడిగా చెప్పుకునేది దాన్నే. డెల్టా ఇంటి కప్పుకు చుక్కలు అంటించేవాళ్లు ఈ రెండింటికీ దక్షిణపు గోడ దగ్గర చోటు ఉంచుకోవాలి.

సింహం పటం మీద కదిలే చుక్క కూడా ఒకటి ఉండాలి. బృహస్పతి సింహరాశిలో అడుగుపెట్టినప్పుడు గోదావరికి పుష్కరాలు. సూర్యుడి చుట్టూ ఆ గ్రహానికి 11.86 ఏళ్లు పడుతుంది. అందుకే 1991, 2003, 2015 పుష్కరాల తర్వాత వంతు 2027ది. 2015లో పుష్కరాలకు రెండు వారాల ముందు, జూన్ 30 సాయంత్రం, బృహస్పతి, శుక్రుడు మఖకు కొంచెం పడమరగా చంద్రబింబమంత ఎడం కూడా లేకుండా పక్కపక్కన మెరిశారు. 2027 జూన్ 26న పుష్కరాలు మొదలయ్యేనాటికి గురుడు పటం మీద మఖకు కుడివైపు అయిదు సెంటీమీటర్లు దాటి, రెండు సెంటీమీటర్లు పైన ఉంటాడు. రోజుకు రెండు మిల్లీమీటర్ల చొప్పున ఎడమకు జరుగుతూ జూలై నెలాఖరుకు మఖ పక్కకు చేరతాడు. చొక్కా గుండీకి వెలిగే రంగు పూసి, వెనక కొద్దిగా మైనం అంటించి పెట్టుకుంటే వారానికోసారి జరపవచ్చు. ఆ రోజుల్లో సింహం పొద్దుగూకాక పడమటి దిక్కున ఉంటుంది. మబ్బు విడిన సాయంత్రం గుండీ చోటు సరిగ్గా ఉందో లేదో పైన చూసి సరిదిద్దుకోవచ్చు.